దావీదు అర్పణ

తాటిదిబ్బ చర్చిలో కోత పండుగకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి అర్పణ వాళ్ళే తమ చేత్తో తెచ్చి బల్ల మీద పెట్టాలి. మొగుడిది పెళ్ళాం పెట్టకూడదు, తల్లిది కొడుకు పెట్టకూడదు. లేవలేని మనిషైతే మంచంతో సహా మోసుకొస్తారు గానీ ఇంకొకరి చేత పెట్టించరు. పాస్టరు గారు ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. పిలుపు అందుకున్న మనిషి లేచి వెళ్ళి గుమ్మడికాయో, మినుముల మూటో, కాళ్ళు కట్టిన కోడిపుంజో పెట్టి వస్తాడు. ప్రార్థన అయ్యాక అవన్నీ చర్చి వాకిట్లో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు ఆ వస్తువును ఇచ్చినవాళ్ళ చేతిమీదుగా అందుకోవాలి. ఈ వేలంలో పంతానికి పోయి, ఒక సొరకాయ దగ్గర తోడల్లుళ్ళు రెండేళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. తాటిదిబ్బ వాళ్ళకు దేవుడి దగ్గర కూడా పౌరుషం తగ్గదు.

దావీదుకు పొలం లేదు, కోళ్ళు లేవు, ఇంట్లో రెండో మనిషి లేదు. మడ అడవి పాయల్లో పీతలు పట్టుకుని బతికే మనిషి. ఒక ఏడు పీతలనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టనైతే పెట్టాడు గానీ, తాడు ఊడిన ఒక పీత బైబిలెక్కి కూర్చుని, తీయబోయిన పాస్టరు గారి వేలు పట్టుకుంది. "దావీదూ, వచ్చే ఏటికి కదలనిదేదైనా తీసుకురా నాయనా" అన్నారు పాస్టరు సుందరయ్య గారు, వేలు చప్పరించుకుంటూ. ఆ వచ్చే ఏటినుంచీ దావీదు దుప్పి కొమ్ము తేవడం మొదలుపెట్టాడు.

చంపి తెచ్చింది కాదు, రాలిన కొమ్ము. ఊరికీ సముద్రానికీ నడుమ పెద్దమెరక అనే ఇసుక నేల ఉంది. తాడిచెట్లు, సరుగుడు చెట్లు, ముళ్ళకంప, చుట్టూ మడ అడవి. అందులో యాభై లోపు దుప్పులు బతుకుతున్నాయి. ఉప్పుగడ్డి మేస్తాయి గనక ఊళ్ళోవాళ్ళు వాటిని ఉప్పుదుప్పులంటారు. మగవి ఏటా కొమ్ములు రాల్చి మళ్ళీ కొత్తవి మొలిపించుకుంటాయి. పీతలకు వెళ్ళే దావీదు రాలిన వాటిలో ఒకదాన్ని ఏరుకొచ్చి, దొరికిన తేదీని కొమ్ము మొదలు దగ్గర కత్తిమొనతో గీరి, పండుగదాకా దాచేవాడు. పాడుకున్నవాళ్ళు దాని మీద ఎర్రరంగుతో 'దావీదు అర్పణ' అని, సంవత్సరం వేయించుకుని, గుమ్మం పక్కన గోడకు కొట్టుకునేవాళ్ళు. బైబిలు సంచీ తగిలించడానికి అంతకు మించిన కొక్కెం ఏ కొట్లో దొరుకుతుంది?

ఇదంతా జెస్సీకి నాలుగేళ్ళ కిందటి దాకా తెలియదు.

జెస్సీ తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని జనం అడిగినన్నాళ్ళూ ఒళ్ళు మండేది. అడగడం మానేశాక ఇంకో రకంగా మండింది. గంగానమ్మపేటలో మేడమీద ఒక గది, ఒక గ్యాస్ స్టవ్వు, కిటికీలోంచి చూస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు. తల్లి కమలమ్మ ఉన్నంతకాలం ఆ గదిలో పోట్లాటైనా ఉండేది. ఆమె పోయాక అదీ లేదు. ఒక సోమవారం క్లాసులో నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చింది. "జలుబు చేసిందా మేడమ్?" అని పిల్లలు అడిగారు. అవునంది. జలుబు కాదు, పాడూ కాదు. శనివారం మధ్యాహ్నం నుంచి ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, అంతే.

తాటిదిబ్బ కమలమ్మ పుట్టిన ఊరు. తల్లి పేరున అర్పణ ఇద్దామని జెస్సీ ఆ ఏడు కోత పండుగకు కొబ్బరికాయల బుట్టతో వెళ్ళింది. "మీ అమ్మ ఇచ్చేవన్నీ బతికుండగా తన చేత్తోనే ఇచ్చేసిందమ్మా. ఇది నీ పేరున పెట్టు" అన్నారు సుందరయ్య గారు. ఇదేం చాదస్తమని జెస్సీ మనసులో విసుక్కుంది. తన పేరునే పెట్టింది. తర్వాత దావీదు లేచి కొమ్ము పెట్టాడు. అంతే, ఆమె విసుగంతా ఎగిరిపోయింది. పాఠం చెప్పేవాళ్ళకు ఉండే జబ్బు అది. కొమ్ము సన్నగా ఉంది, మామూలు చుక్కల దుప్పి కొమ్ము కన్నా పొట్టిగా ఉంది, కింది కొన ముందుకు కాకుండా పక్కకు తిరిగి ఉంది. వేలం అయ్యేదాకా ఆగి ఆ మనిషి దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఇది ఎక్కడ దొరికింది?"

"ఎక్కడ రాలితే అక్కడేనమ్మాయ్" అన్నాడు దావీదు. అంతలోనే ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, "పోటు తగ్గాక వస్తావా, చూపిత్తా" అన్నాడు.

ఆ రోజునుంచి జెస్సీకి ఆదివారాలు దొరికాయి. తెనాలిలో పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కడం, రేపల్లెలో దిగి టిఫిన్ చేసి బస్సు పట్టడం, బస్సు ఆగిపోయిన చోటునుంచి నడవడం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, స్టాఫ్ రూములో అందరూ పేపర్లు దిద్దుకుంటుంటే ఈవిడ సోమవారం పొద్దున దుప్పి పెంటికలు ఎండబెట్టుకునేది. వెనక నవ్వుకునేవాళ్ళని తెలుసు. నవ్వుకోనీ అనుకుంది.

దావీదు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ముందు నడిచేవాడు, చెయ్యెత్తితే ఆగాలి. తాడిబొదల వెనక ఇద్దరూ కూర్చునేవాళ్ళు. గంట గడిచాక ఇసుక రంగులో ఇసుకే కదిలినట్టు దుప్పులు వచ్చేవి. వాటికి ఒంటినిండా చుక్కలుండవు, వెన్నుకు అటూ ఇటూ ఒక్కో వరస మాత్రమే. ఒక మగదానికి ఎడమ కొమ్ము వంకర. ఏటా రాలి, ఏటా మళ్ళీ వంకరగానే మొలిచేది. దావీదు దాన్ని వంకరోడు అనేవాడు. "నా తోడల్లుడు" అని ఒకసారి అన్నాడు. నవ్వకుండానే అన్నాడు.

ఎండాకాలం వస్తే దావీదుకు ఇంకో పని ఉండేది. ఉప్పుగడ్డి తిన్నా, ఉప్పునీళ్ళు తాగి ఏ దుప్పీ బతకదు. మెరక మీద ఇసుకలో ఎక్కడ తవ్వితే తియ్యనీరు ఊరుతుందో ఆ చోట్లు దావీదుకు తెలుసు. అలాంటి చోట మోకాలిలోతు గుంట తీస్తే అది చెలమ. ఒక జానెడు అటు తప్పితే ఉప్పు, ఒక జానెడు లోతు ఎక్కువైతే ఉప్పు. కొబ్బరిచిప్పతో తోడుతూ, నాలుక మీద వేసుకుని చూస్తూ మూడు చెలమలు తీసేవాడు. రాత్రి గాలికి ఇసుక పూడుకుపోతే మళ్ళీ తీసేవాడు. ఎవరు చెప్పారని అడిగింది జెస్సీ. "ఎవరు చెబుతారు? మా అయ్య తీసేవోడు. అవి వచ్చి నిలబడి చూత్తంటే తియ్యకుండా ఎట్టా ఉంటాం?"

అతనికి ఫోను లేదు. ఆమెకు ఫోను చేసేవాళ్ళు లేరు. ఇద్దరికీ బాగా కుదిరింది.

మూడేళ్ళు అలా గడిచాక, కిందటేడు జనవరిలో పిడుగులాంటి కబురు వచ్చింది. పెద్దమెరకను రొయ్యల చెరువులకు లీజుకు ఇవ్వబోతున్నారు. అభ్యంతరాలుంటే మార్చిలో ఫలానా సోమవారం బాపట్లలో జరిగే విచారణలో చెప్పుకోవచ్చు, కాగితాలు మాత్రం అంతకు ముందు శనివారం సాయంత్రం అయిదులోపు అందాలి. చెరువులు తవ్వితే ఆ యాభై దుప్పులకు భూమ్మీద ఇంకో చోటు లేదు. జెస్సీ హైదరాబాదులో జంతువుల జన్యువులు పరీక్షించే ఒక ల్యాబుకు ఫోన్ చేసింది. వినోద్ కుమార్ అనే ఆయన మాట్లాడాడు. ఆమె పంపిన పెంటికలను ఆయన ముందే పరీక్షించి ఉన్నాడు.

"ఇవి మామూలు చుక్కల దుప్పులకు కొంచెం దూరంగానే ఉన్నాయి మేడమ్. కానీ అది ఒక్కటే చాలదు. మీరు కొమ్ములన్నారు చూడండి, తేదీలున్నవి. అవి ఎన్ని ఉన్నాయి?"

తాటిదిబ్బ గోడల మీద పద్నాలుగు ఉన్నాయి. జెస్సీ ఇంటింటికీ తిరిగింది. బైబిలు సంచులు దించి, ప్రతి కొమ్మునూ కొలిచి, మొదలు దగ్గర చిటికెడు పొడి గీరి, ఫొటో తీసింది. కొమ్మును ఇంట్లో పెట్టుకోవడం, రాలినదైనా సరే, చట్టప్రకారం నేరం. ఆ సంగతి జెస్సీకి తెలుసు, ఊళ్ళోవాళ్ళకు తెలియదు. "ఏంటమ్మా, ఏమైనా గొడవా?" అని వాళ్ళు అడిగితే, "ఏం కాదండి, నేనున్నాను కదా" అంది. ఈ లోకంలో సగం కొంపలు ముంచింది ఆ మాటే.

కత్తితో గీరిన తేదీలు చూసి వినోద్ కుమార్ గొంతు మారిపోయింది. మామూలు చుక్కల దుప్పులు ఒక్కొక్కటీ తనకు తోచిన నెలలో కొమ్ము రాలుస్తాయి. ఇక్కడ పద్నాలుగేళ్ళలో పద్నాలుగు కొమ్ములూ క్రిస్మసుకీ జనవరి ఆఖరుకీ మధ్యనే రాలాయి. "ఉపజాతి అని తేల్చడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. కానీ ఇవి వేరని, తేలేదాకా వీటిని ముట్టుకోకూడదని చెప్పడానికి ఇది చాలు. ఫొటోలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. ఏదైనా చెరిపారంటే అన్నీ మీరే పుట్టించారంటారు" అన్నాడు.

ఉన్నవి ఉన్నట్టు అంటే, ప్రతి ఫొటోలోనూ ఎర్రరంగుతో 'దావీదు అర్పణ' అని ఉంటుంది.

దావీదును అడగాలి. అడగాలనే గడువుకు ముందు ఆదివారం వెళ్ళింది. ఆ రోజు అతను ఆమె కోసం పీతలు కాల్చి ఉంచాడు. ఇద్దరూ తాటాకుల్లో పెట్టుకుని తిన్నారు. వంకరోడు కొత్త కొమ్ము మీద నూగుతో, బెదరకుండా పది గజాల దూరంలోకి వచ్చి నిలబడ్డాడు. జెస్సీ రెండుసార్లు నోరు తెరిచింది. బాబాయ్, నీ మీద కేసు పడొచ్చు అని చెప్పాలి. చెబితే ఈ ముసలాయన వద్దంటే? వద్దనకపోయినా, 'ఇందుకా అమ్మాయ్ ఇన్నాళ్ళూ వచ్చావు' అంటే? ఆ మాట వినాల్సి వస్తే ఇక ఆదివారం ఉండదు. ఆమెకు భయం వేసింది. పచ్చిగా చెప్పాలంటే, దుప్పులు పోతాయన్న భయం కన్నా అది పెద్దగా ఉంది. "ఏంటమ్మాయ్, ఏదో అనబోయావు?" అన్నాడు దావీదు. "ఏం లేదు బాబాయ్, పీతలు బాగున్నాయి" అంది.

శనివారం ధైర్యం తెచ్చుకుని మళ్ళీ వెళ్ళింది. దావీదు ఇంటి తలుపుకు తాడు కట్టి ఉంది. అమావాస్య పోటని పాయల్లోకి వెళ్ళాడట, వచ్చేసరికి రేపు పొద్దు వాలుతుందట. జెస్సీ మడ అడవి గట్టు మీద నిలబడి నాలుగు కేకలు వేసింది. కొంగలు లేచాయి. మూడింటికి బస్సెక్కి రేపల్లె స్టేషనుకు వచ్చి బెంచీ మీద కూర్చుంది. బాబాయ్ కాదనడులే అని తనకు తనే చెప్పుకుంది. దుప్పుల కోసం ప్రాణమైనా ఇస్తాడు, పేరు ఒక లెక్కా? నాలుగూ నలభైకి ఫోన్లోంచే రిపోర్టు ఫొటోలతో సహా పంపేసింది. రైలు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది.

సోమవారం బాపట్లలో విచారణ గంటలో ముగిసింది. లీజు ఆపేశారు. మెరక చుట్టూ కంచె వేయాలని, అనుమతి లేనివాళ్ళు లోపలికి పోకూడదని ఉత్తర్వు వచ్చింది. జెస్సీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. చెప్పడానికి ఒక్క మనిషి ఉన్నాడు, ఆయనకు ఫోను లేదు.

మరుసటి వారం ఆదిలక్ష్మి అనే ఫారెస్టు ఆఫీసరు జీపులో తాటిదిబ్బ వచ్చింది. చేతిలో జెస్సీ పంపిన ఫొటోలున్నాయి. ఇంటింటికీ వెళ్ళి పద్నాలుగు కొమ్ములూ గోడల మీదినుంచి పీకించింది. గోడలకు మేకుల బొక్కలు మిగిలాయి. అడిగిన వెంటనే ఇచ్చేశారు కాబట్టి ఇళ్ళవాళ్ళ జోలికి పోలేదు. దావీదును మాత్రం జీపెక్కించింది. అతనితో పాటు కొబ్బరిచిప్ప, కత్తి కూడా పట్టుకెళ్ళారు. మూడోరోజు జామీను మీద వచ్చాడు. నెలకోసారి బాపట్ల కోర్టుకు వాయిదాకు వెళ్ళాలి. కేసు తేలేదాకా మెరక మీద అడుగు పెట్టకూడదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు జెస్సీ బాపట్లకు పరుగెత్తింది. ఆదిలక్ష్మి కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇప్పించింది. మంచి మనిషే. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"ఆయన లేకపోతే ఆ దుప్పులు ఈపాటికి లేవండి. ఆయన్ని వాచరుగా పెట్టుకోండి" అంది జెస్సీ.

"కేసున్న మనిషిని ఎలా పెట్టుకోనండి? ఆయనే కాపాడాడని నాకూ అర్థమైంది. కానీ కాగితం మీద ఆయన పేరు ఆ పద్నాలుగు కొమ్ముల మీదే ఉంది మేడమ్. ఇంకెక్కడా లేదు." ఆదిలక్ష్మి ఫైలు మూసింది. "ఆయనకు చెప్పే పంపారనుకున్నాను" అంది.

జెస్సీ మెరక లోపలికి వెళ్ళడానికి తనకు అనుమతి అడిగింది. పరిశోధన చేసే మనిషి కాబట్టి వెంటనే ఇచ్చారు.

ఏప్రిల్లో మొదటి ఆదివారం బస్సు దిగి తాటిదిబ్బలోకి నడిచి వస్తే ఎవరూ పలకరించలేదు. పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు సర్దుకుని ముఖాలు తిప్పుకున్నారు. మెరకకు వెళ్తే కంచె బయట, ఒక రాతిస్తంభం పక్కన దావీదు నిలబడి ఉన్నాడు. తిడతాడని, కనీసం ముఖం తిప్పుకుంటాడని సిద్ధపడి వచ్చింది. అతను ఆమె చేతిలోని అనుమతి కాగితం వైపు, తర్వాత గేటు వైపు చూశాడు.

"ఎండలు ముదిరాయి. ఎవరో ఒకరు చెలమ తియ్యాలి. నువ్వెళ్ళు, నేను చెప్తా" అన్నాడు.

ఆమె లోపల, అతను బయట. చేతికర్ర కంచెలోంచి దూర్చి చూపించేవాడు. "ఆ తాడికి ఎడమన. అంత కాదు, ఇటు రా. అక్కడ తవ్వు. చాలు, ఇంక తవ్వకు. నాలిక్కేసి చూడు." ఉప్పుగా ఉందంటే ఇంకో చోటు. మూడో ప్రయత్నంలో తియ్యనీరు పడింది. ఇంటి దగ్గర చీపురు తప్ప ఏదీ పట్టని చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం దుప్పులు రావడం ఆమె ఒక్కతే చూసింది. కంచె దగ్గరికి వచ్చి చెబితే అతను ప్రతిదీ అడిగేవాడు. ఎన్ని వచ్చాయి, పిల్లలున్నాయా, వంకరోడు ముందు తాగాడా, ఆఖర్న తాగాడా. చెప్పినంతసేపూ కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత కర్ర తీసుకుని వెళ్ళిపోయేవాడు. ఫొటోల ఊసు, పేరు ఊసు, కోర్టు ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండును. జెస్సీ ప్రతి ఆదివారమూ తిట్టు కోసం ఎదురుచూసేది. తనంతట తాను క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడగాల్సినప్పుడు అడగని నోరు కదా, దానికి అదే అలవాటైంది.

అలా ఎండాకాలం, వానాకాలం గడిచాయి. ఈ జనవరి మూడో వారంలో రెండో చెలమ పక్కన ఒక కొమ్ము రాలి ఉంది. ఎడమది, వంకరది. జెస్సీ దాన్ని తాకలేదు. కంచె దగ్గరికి వచ్చి చెప్పింది.

"వంకరోడిదేనా?"

"వాడిదే బాబాయ్."

"ఉండనీ" అన్నాడు దావీదు. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు. అక్కడినుంచి కొమ్ము కనబడదు.

ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది. జెస్సీ వెనక బల్ల మీద ఒక్కతే కూర్చుంది. ఆ బల్ల మీద ఇంకో నలుగురికి చోటుంది, ఎవరూ కూర్చోలేదు. సుందరయ్య గారు వరసగా పిలుస్తున్నారు. బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలలు పేరుకుంటున్నాయి. దావీదు పేరు దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. పిలవకుండా దాటేస్తే బాగుండునని ఆయనకూ ఉన్నట్టుంది.

దావీదు లేచాడు. చంకలో ఏదో ఉంది. బల్ల మీద పెట్టాక అందరూ మెడలు చాచి చూశారు. చెక్కి నునుపు చేసిన మూరెడు తాటిమట్ట. దాని మీద కత్తిమొనతో పెద్ద అక్షరాలు గీరి ఉన్నాయి. దావీదు. అంతే, ఇంకేం లేదు.

"ఏంటి నాయనా ఇది?" అన్నారు సుందరయ్య గారు.

"నా పేరండి." దావీదు గొంతు మామూలుగానే ఉంది. "దుప్పుల కోసం పోయినేడు ఇది బాపట్ల ఎళ్ళింది. మంచి పనికే ఎళ్ళింది. కానీ నా చేత్తో ఇచ్చింది కాదు. అర్పణంటే ఎవరి చేత్తో వాళ్ళు ఇచ్చేదే కదండి. అందుకని ఇప్పుడు ఇస్తన్నాను."

జెస్సీకి తల ఎత్తబుద్ధి కాలేదు. సుందరయ్య గారు తాటిమట్టను రెండు చేతులతో తీసి గుమ్మడికాయల మధ్య నిలబెట్టారు.

వాకిట్లో వేలం మొదలైంది. కోళ్ళు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. సంఘపెద్ద తాటిమట్ట పైకెత్తి అటూ ఇటూ చూశాడు. మళ్ళీ ఏ జీపు వస్తుందోనని అందరూ చూపులు దించుకున్నారు. "నేను పాడుతున్నానండి" అంది జెస్సీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఊరి జనం ముందు ఆమె నోరెత్తి ఏడాది కావస్తోంది. ఆమె మీద ఇంకో పాట పాడినవాళ్ళు లేరు. పంతాలకు పోయే తాటిదిబ్బ ఆ ఒక్క వస్తువు దగ్గర ఊరుకుంది.

కట్టుబాటు ప్రకారం దావీదే దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. తెచ్చాడు.

"బాబాయ్, నేను ఆ రోజు నీకు చెబుదామనే..." అంది జెస్సీ. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మాయ్" అన్నాడు దావీదు. "పద్నాలుగేళ్ళు కొమ్ములిచ్చినోణ్ణి, పేరివ్వనా? పీతలు తింటా ఏదో అనబోయావు చూడు, అప్పుడు అడిగినా ఇచ్చేవాణ్ణి."

"భయమేసింది బాబాయ్. నువ్వు రావద్దంటావేమోనని."

దావీదు మెల్లగా అన్నాడు. "కోపమేం లేదు. కానీ నిన్ను చూత్తే ఆ అడగని మాటే గుర్తొత్తంది. ఏం చెయ్యను? చెలమలు ఎక్కడ తియ్యాలో నీకిప్పుడు తెలుసు. నేనిక కంచె కాడికి రానమ్మాయ్. అవి జాగ్రత్త."

ఆమె తల మీద చెయ్యి పెట్టి, తీసి, వాకిలి దాటి వెళ్ళిపోయాడు. నడకలో తొందర లేదు.

తెనాలి గదిలో గుమ్మం పక్కన మేకు కొట్టి జెస్సీ ఆ తాటిమట్ట తగిలించింది. దాని మీద సంవత్సరం వేయాలి. ఎర్రరంగు డబ్బా కొన్నది గానీ, ఆ పేరు పక్కన తన చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు.

మరుసటి ఆదివారం మామూలుగానే రేపల్లె ప్యాసింజరు ఎక్కింది. కంచె బయట రాతిస్తంభం పక్కన ఎవరూ లేరు. మూడు చెలమల్లోనూ పూడిన ఇసుక తీసింది, నీళ్ళు నాలుక మీద వేసుకుని చూసింది. తియ్యగానే ఉన్నాయి. పొద్దు వాలాక ముప్పైనాలుగు వచ్చాయి, అందులో రెండు పిల్లలు. వంకరోడు ఆఖర్న తాగాడు. జెస్సీ అలవాటుకొద్దీ ఆ లెక్క చెప్పడానికి కంచెదాకా గబగబా నడిచింది. అక్కడ నిలబడి, మళ్ళీ బస్సు దారి పట్టింది.

సోమవారం మొదటి క్లాసులో నోరు తెరిచేసరికి గొంతు బొంగురుగా వచ్చింది.

"జలుబు చేసిందా మేడమ్?" అంది ముందు బెంచీలో అమ్మాయి.

"అవునమ్మా" అంది జెస్సీ, పుస్తకం తెరుస్తూ.